కరోలినానా, మిన్నెసోటానా? నా ఓటు నీళ్ళ పేరుకే

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చూస్తూ చూస్తూ, జట్ల పేర్లలో ఉన్న ఈ అమెరికా రాష్ట్రాల పేర్లు ఎక్కడివా అని వెతికా. కరోలినా పాంథర్స్‌లో ఉన్నది రాజుగారి పేరు, చార్లెస్‌ని లాటిన్‌లో కరోలస్ అంటారు, 1663లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ఆ భూమంతా తనవాళ్ళు ఎనిమిది మందికి రాసిచ్చేశాడు, అంతే. నార్త్, సౌత్ అని విడిపోయినా జట్టు మాత్రం రెండింటికీ కలిపి ఒకటే, అది బాగుంది.

మిన్నెసోటా వైకింగ్స్‌లో వైకింగ్స్ అన్నది స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళని బట్టి పెట్టింది గానీ, మిన్నెసోటా మాత్రం అక్కడి ఆదివాసులైన డకోటా వాళ్ళ మాట. మ్ని అంటే నీళ్ళు, సోటా అంటే మబ్బు కమ్మినట్టుండేది. కొత్తగా వచ్చినవాళ్ళకి అర్థం కాకపోతే నీళ్ళలో పాలచుక్కలు వేసి, తెల్లగా కలుస్తుంటే ఇదిగో మ్ని సోటా అని చూపించారట! ఆ నేల మొహమే చూడని రాజు పేరు కంటే, ఆ నీళ్ళు తాగి బతికినవాళ్ళు పెట్టుకున్న పేరే నాకిష్టం.