భూగర్భజల నాణ్యత పట్టికతో ఆరేళ్లు: ఒక వాడుకరి సమీక్ష

ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ పొందిన నాటి నుంచి, మన నల్లగొండ జిల్లాలోని దేవరకొండ, మర్రిగూడ, చండూరు వైపు ఊళ్ల నుంచి వచ్చేవారికి ప్రభుత్వం బహిరంగంగా ఉంచిన లెక్కలను చదివి చెప్పడం నాకొక వ్యాపకంగా మారింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం ఓపెన్ డేటా విధానాన్ని ప్రకటించిన తరువాత రాష్ట్ర పోర్టల్‌లో వర్షపాతం, విద్యుత్ వినియోగం, వాహనాల రిజిస్ట్రేషన్ వంటి పట్టికలు అనేకం చేరాయి. వాటిలో నేను పదే పదే తెరిచింది మాత్రం వానాకాలం ముగిశాక సేకరించిన భూగర్భజల నమూనాల నాణ్యత పట్టికనే. 2018, 2019, 2020 సంవత్సరాల ఫైళ్లను పక్కపక్కన పెట్టుకుని ఆరేళ్లుగా వాడుతున్నాను కనుక, ఆ పట్టిక దేనికి పనికి వస్తుందో, దేనికి పనికి రాదో చెప్పగలనన్న నమ్మకంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ఫైలును దించుకోవడానికి డబ్బు కట్టనక్కర లేదు, సీఎస్‌వీ రూపంలో, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన సాదా పాఠంగా ఉంటుంది కాబట్టి ఎక్సెల్‌లోనైనా, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లోనైనా, చివరకు ఫోనులోని గూగుల్ షీట్స్‌లోనైనా తెరుచుకుంటుంది. జిల్లా, మండలం, గ్రామం, అక్షాంశ రేఖాంశాలు, నీటిమట్టం, ఆపైన ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు పెరిగిన కొద్దీ పెరిగే విద్యుద్వాహకత, కరిగిన లవణాలు, ఫ్లోరైడ్, నైట్రేట్, కాల్షియం వంటివన్నీ వరుసగా ఉంటాయి. శీర్షికలు రసాయన సంకేతాల్లో ఉండడం వల్ల చదువుకున్నవారు కూడా మొదట తడబడతారు. ఆ ఒక్క వరుసకు తెలుగు పేర్లు రాసి, ప్రతి పేరు కింద భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన హద్దును చేర్చాక చూపిస్తే, పదో తరగతి పిల్లవాడు సైతం తన ఊరి వరుసను సొంతంగా చదవగలిగాడు. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. నైట్రేట్ అయితే 45 దాటకూడదు.

తొలి ఏడాదిలోనే నేను చేసిన తప్పును ఇక్కడ దాచడం న్యాయం కాదు. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, "సారూ, గా లెక్కలన్నీ నాకెందుకు, మా బోరు నీళ్లు తాగొచ్చునా, తాగొద్దా, గది జెప్పుండ్రి" అని అడిగారు. పట్టికలో ఆమె ఊరి పేరు ఎదురుగా ఫ్లోరైడ్ ఒకటి లోపే ఉండడంతో తాగవచ్చని చెప్పి పంపించాను. తరువాత రంగును చార్టుతో పోల్చి చూసే కిట్టుతో ఆమె బోరు నీటిని పరీక్షిస్తే ఒకటిన్నర దాటింది. పట్టిక అబద్ధం చెప్పలేదు; అది చెప్పింది ఊళ్లో నమూనా తీసిన ఒక్క బావి సంగతి, ఆ ఒక్క రోజు సంగతి. నల్లగొండ గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది గనుక, బోరు ఎంత లోతున ఏ పగులులోంచి నీరు తెస్తోందన్న దానిపై అంకె మారిపోతుంది, పక్కపక్క చేలలోనే తేడా కనిపిస్తుంది. రసాయనశాస్త్రం బోధించినవాడిగా ఇది నాకు ముందే తట్టి ఉండవలసింది. ఆ తరువాత ఆమె ఇంటికి వెళ్లి మాట వెనక్కి తీసుకున్నాను, మరగబెడితే ఫ్లోరైడ్ పోదని, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో దాని పాలు ఇంకా పెరుగుతుందని కూడా చెప్పాను. ఇప్పుడు ఆ ఇంటివారు తాగడానికి ప్రభుత్వ తాగునీటి పథకమైన మిషన్ భగీరథ నల్లా నీటినే వాడుకుంటున్నారు.

తాగునీటి విషయంలో ఇంత జాగ్రత్త అవసరమైన ఈ పట్టిక, సాగునీటి విషయంలో నన్ను ఆశ్చర్యపరిచేంతగా ఉపయోగపడింది. బత్తాయి ఉప్పునీటిని ఓర్చుకోలేని చెట్టు కాబట్టి తోట పెట్టదలచినవారు విద్యుద్వాహకతను, ఆర్‌ఎస్‌సీ అంకెను చూసుకోవడం మేలు. ఆర్‌ఎస్‌సీ అంటే కాల్షియం, మెగ్నీషియంలతో కలిసినవి పోగా నీటిలో మిగిలే కార్బొనేట్ల లెక్క. అది 1.25 లోపు ఉంటే భయం లేదు, 2.5 దాటితే ఆ నీరు పారించిన నేల క్రమంగా గట్టిపడి నీటిని ఇంకనివ్వదు. వర్గీకరణ గడిలో కనిపించే సీ3ఎస్1 వంటి గుర్తులో మొదటి సగం లవణాల సంగతి, రెండో సగం సోడియం సంగతి చెబుతాయి. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న వరుసల్లో ఫ్లోరైడ్ కూడా తరచుగా ఎక్కువగా ఉండడం గమనించాక, ఒక గడిని చూసి ఇంకో గడిని అనుమానించడం అలవాటైంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టారు. అటువంటి జిల్లాలో ఈ మాత్రం రసాయనశాస్త్రం రచ్చబండ దాకా రావడంలో వింతేమీ లేదు.

ఏళ్లను పోల్చడంలోనే అసలు శ్రమ ఉంది. 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ అదే రోజున నాలుగై, 2019 ఫిబ్రవరిలో నారాయణపేటతో ఐదైంది. పాత లెక్కల్లో మహబూబ్‌నగర్ అంటే 64 మండలాలు, కొత్త లెక్కల్లో ఆ పేరుకు అందులో కొంత భాగమే మిగిలింది. ఈ సంగతి తెలియక జిల్లా మొత్తాలను పోల్చి, సాగు సగానికి పైగా పడిపోయిందని గుండెలు బాదుకున్నవారిని చూశాను. జిల్లాను వదిలి గ్రామం పేరుతో పోల్చడమే దారి. అక్కడ ఇంకో చిక్కు: ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఊరు ఒక ఫైలులో 'గూడ'గా, మరో ఫైలులో 'గూడెం'గా ఉంటుంది, కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు ఊళ్లు. అక్షాంశ రేఖాంశాల సాయంతో జత కలపడం నేర్చుకున్నాక ఆ బాధ చాలావరకు తీరింది. ఒకసారి తొందరలో ఒక్క నిలువు వరుసనే ఎంచుకుని క్రమపరచడంతో ఒక ఊరి ఫ్లోరైడ్ మరో ఊరికి అంటుకుంది. అప్పటి నుంచి మూల ఫైలును ముట్టుకోకుండా నకలు మీదే పని చేస్తున్నాను.

పట్టికలో లేనిదానికి సమాచార హక్కు చట్టమే మార్గం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి. ఒక కార్యాలయం నాకు నలభై పుటల అంకెలను జిరాక్సు తీసి ఇచ్చింది. అవన్నీ మళ్లీ టైపు చేసుకోవడానికి మూడు వారాలు పట్టింది. రెండో దరఖాస్తులో సెక్షన్ 2(జె)ని ఉటంకిస్తూ ఎలక్ట్రానిక్ రూపంలో కావాలని రాస్తే ఎక్సెల్ ఫైలే వచ్చింది. 2005 నాటి ఆ సెక్షన్‌లో ఫ్లాపీల ప్రస్తావన ఇప్పటికీ ఉంది, ఈ కాలంలో ఫ్లాపీ అడిగితే ఇచ్చేవారి ముఖం ఎలా ఉంటుందో చూడాలని నాకొక చిలిపి కోరిక.

ఊరి విద్యార్థులకు, తోట రైతులకు, స్థానిక విలేకరులకు ఈ పట్టికను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. తమ ఇంటి నీటి గురించి తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం పట్టికతో పాటు కిట్టు కూడా ఉండాలని చెబుతాను. ఇప్పుడు నేను అచ్చుతీసి ఇచ్చే ప్రతి కాగితం మీద నమూనా తీసిన ఏడాదిని ఎర్ర సిరాతో పెద్దగా రాస్తున్నాను, కుడి చివర 'మన బోరు' అన్న పేరుతో ఒక ఖాళీ గడి విడిచిపెడుతున్నాను. కిట్టు చూపిన అంకెను ఇంటివారే తమ చేత్తో అందులో రాసుకుంటారు.