ఎన్నికల బిల్లుపై మన మాట: సైన్-ఇన్ చాలా, రాసి పంపాలా, ఎదుట మాట్లాడాలా?

వాషింగ్టన్ రాష్ట్రంలో ఓటింగ్ చట్టం మారుతోందంటే, దాని తలరాత ఎక్కువగా రాజధాని ఒలింపియాలోని శాసనసభ కమిటీల్లోనే తేలుతుంది. శాసనసభ సమావేశాలు బేసి ఏడాదిలో 105 రోజులు, సరి ఏడాదిలో 60 రోజులే. కటాఫ్ తేదీలోపు, అంటే ఆ దశకు పెట్టిన గడువులోపు, కమిటీ గడప దాటని బిల్లు చాలావరకు ఆ ఏడాదికి ఆగినట్టే. కాబట్టి సైన్-ఇన్, రాత, నోటి మాట ఈ మూడింటిలో ఏది మేలో తేల్చుకునే ముందు బిల్లు ఏ దశలో ఉందో చూసుకోండి.

సైన్-ఇన్ అంటే బిల్లుపై మీరు ఎటు ఉన్నారో నమోదు చేయడం. దానికి రెండు నిమిషాలు చాలు. శాసనసభ వెబ్‌సైటులో కమిటీ, తేదీ, బిల్లు ఎంచుకుని ప్రో (అనుకూలం), కాన్ (వ్యతిరేకం), అదర్ (ఇతరం)లలో ఒకటి నొక్కాలి. బిల్లుపై కమిటీ జరిపే విచారణకు గంట ముందే అది మూసేస్తారు. దానివల్ల మీరు ఎటు ఉన్నారో తెలుస్తుంది గానీ ఎందుకో తెలియదు. వివాదాస్పద బిల్లులకు రెండు వైపులా పెద్ద ఎత్తున సైన్-ఇన్‌లు వస్తాయి కనుక ఒక్కదాని బరువు తక్కువే. అయినా మానకండి. చాలామంది పొరపడేది ఒకటుంది: ఒకే విషయంపై శాసనసభలోని రెండు సభల్లో, అంటే హౌస్‌లో, సెనేట్‌లో, వేర్వేరు నంబర్లతో జంట బిల్లులు ఉంటాయి. ఒకదానికి చేసినది రెండోదానికి చెల్లదు. బిల్లు రెండో సభకు వెళ్లినప్పుడు మళ్లీ చేయాలి.

రాతపూర్వక టెస్టిమొనీ (కమిటీకి మనం చెప్పుకునే మాట) విచారణ మొదలైన 24 గంటల దాకా తీసుకుంటారు. నా ఓటు దీనికే. మొదటి వాక్యంలో బిల్లు నంబరు, సమర్థిస్తున్నారో వ్యతిరేకిస్తున్నారో చెప్పండి. తర్వాత మీ ఊరు. ఆపైన ఒకే ఒక్క సెక్షన్ పట్టుకుని, ఏ మాట మార్చాలో రాయండి. ఉదాహరణకు ఇక్కడ బ్యాలెట్ పోస్టులోనే వస్తుంది. తిరిగి పంపే కవరు మీది సంతకాన్ని రికార్డులోని సంతకంతో పోలుస్తారు. మనవాళ్లలో కొందరు లైసెన్సు మీద పూర్తి పేరు, పొడవాటి ఇంటిపేరుతో సంతకం చేసి, కవరు మీద పొట్టి సంతకం పెడతారు. పొంతన కుదరకపోతే కౌంటీ నుంచి నోటీసు వస్తుంది, దాన్ని సరిదిద్దుకునే గడువూ ఉంటుంది. ఆ నోటీసు విషయంలో ఏం మారాలో అడగడం, కారణం చెప్పడం కమిటీ సిబ్బందికి పనికొచ్చే సమాచారం. అందరూ ఒకే నమూనా ఉత్తరం పంపితే మాత్రం అది మళ్లీ సైన్-ఇన్‌తో సమానమే.

నోటి టెస్టిమొనీ జూమ్‌లోనూ ఇవ్వొచ్చు. సాధారణంగా దొరికేది ఒకటి రెండు నిమిషాలే. పేర్లు ఎక్కువైతే మీ వంతు రాకపోవచ్చు. అందుకే 60 సెకన్లకు సరిపడా సిద్ధం చేసుకుని, అదే మాటను రాతలోనూ పంపండి. మీరు కౌంటీ ఎన్నికల పనిలో ఉన్నా, మరెవరూ చెప్పలేని అనుభవం మీకున్నా ఇదే మేలు. లేకపోతే రాత చాలు.

కమిటీలన్నీ దాటాక ఆ సభలో ఈ మూడు దారులూ మూసుకుపోతాయి. ఓటింగుకు సభలోకి వచ్చిన బిల్లుపై ప్రజల టెస్టిమొనీ ఉండదు. అప్పుడు మిగిలేది సొంత ప్రతినిధులే. రాష్ట్రంలోని 49 జిల్లాల్లో ఒక్కోదానికి ఒక సెనేటర్, ఇద్దరు హౌస్ సభ్యులు ఉంటారు. బిల్లు పేజీలోని కామెంట్ బటన్‌తో ముగ్గురికీ రాయొచ్చు. మీ చిరునామా సరిగ్గా ఇవ్వండి. మీరు వారి జిల్లాలోనే ఉన్నారని తెలిసేది దానితోనే.

హెచ్-1బీ, గ్రీన్‌కార్డు ఉన్నవారు భయపడి వెనక్కి తగ్గనక్కర్లేదు. టెస్టిమొనీకి పౌరసత్వం అడగరు. కానీ "ఓటరుగా" అని మాత్రం రాయకండి, "ఈ రాష్ట్ర నివాసిగా" అనండి. పౌరులమని తప్పుగా చెప్పుకుంటే ఇమిగ్రేషన్‌లో తీవ్రమైన చిక్కు వస్తుంది, పైగా మీరు పంపింది పబ్లిక్ రికార్డు అవుతుంది. ఆఫీసు ఈమెయిల్ కూడా వాడకండి, కంపెనీ మాటగా పొరబడతారు.

రెండు సభలూ దాటినా గవర్నర్‌కు రాయడానికి వీలుంది. సమావేశాల చివర్లో గవర్నర్‌కు చేరిన బిల్లుకైతే నిర్ణయం తీసుకోవడానికి ఆదివారాలు కాకుండా 20 రోజులు ఉంటాయి. గవర్నర్ మొత్తం బిల్లునే కాదు, ఒక్క సెక్షన్‌ను కూడా వీటో చేయగలరు కనుక, మీ అభ్యంతరం ఏ సెక్షన్‌పైనో నంబరుతో సహా రాయండి.