మాకు పండగ, వాళ్లకు డ్యూటీ: క్రిస్మస్ క్రూజ్ అనుభవం

ఓడ దిగే ముందు రోజు రాత్రి మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో అడిగితే టిప్స్ మొత్తం తీసేస్తారు. ఐదు నిమిషాల పని. మేం తీయించేశాం." ఓడ సిబ్బందికని మా బిల్లుల్లో పడ్డ టిప్స్ గురించి అది. మాతో వచ్చిన ఏడు తెలుగు కుటుంబాల్లో మూడు ఆ రాత్రే వెళ్లి ఆ లైన్లో నిలబడ్డాయి. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఖర్చులు చెప్తాను. హ్యూస్టన్‌కి 80 కిలోమీటర్ల దూరంలోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోకి ఐదు రాత్రుల క్రూజ్. డిసెంబర్ 22న ఎక్కి 27న దిగాలి. మా ఆయన, నేను, మా బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. కిటికీ లేని గదులు రెండు తీసుకున్నాం. పన్నులతో కలిపి మనిషికి 780 డాలర్లు. టిప్స్ మనిషికి రోజుకి 16 చొప్పున మొత్తం 400 డాలర్లు బిల్లులో వాటంతటవే పడ్డాయి. రేవు దగ్గర పార్కింగ్‌లో మాత్రం మోసపోయాం. ఆన్‌లైన్‌లో 75 అని చూపించి, కారు పెట్టాక హాలిడే రేటంటూ 130 లాగారు. ఫోన్లో బుకింగ్ చూపించినా వినలేదు. మీరు ముందే పూర్తి డబ్బు కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి.

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. కానీ మళ్లీ అమెరికాలోకి రావాలి కాబట్టి అది మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో ముందే చూసుకోండి.

మొదటి రాత్రి అమ్మ ఏమీ తినలేదు. ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. ఇంట్లో చేసిన పచ్చళ్లు ఓడలోకి రానివ్వరని తెలిసి గోంగూర ఇంట్లోనే వదిలేసి వచ్చింది. పాస్తా చూసి ప్లేటు పక్కకి జరిపింది. మా వెయిటర్ మంగళూరు వైపు కుర్రాడు, అది గమనించాడు. "రేపటికి ఏం కావాలో చెప్పండి ఆంటీ, వంటగదిలో చెప్పిస్తాను" అని హిందీలో అడిగాడు. అమ్మకి హిందీ రాదు, నేనే చెప్పాను. మర్నాడు రాత్రి అన్నం, వెల్లుల్లి తాలింపుతో పప్పు, బంగాళాదుంప వేపుడు వచ్చాయి. అమ్మ రెండోసారి పప్పు వేయించుకుంది. అప్పట్నుంచి రోజూ ఆ కుర్రాడు తెచ్చిందే తినింది. మీరూ మొహమాటపడకుండా ఒక రోజు ముందే హెడ్ వెయిటర్‌కి చెప్పండి, చేసి పెడతారు.

24న కోజుమెల్, 25న ప్రొగ్రెసో. రెండూ బాగున్నాయి. ప్రొగ్రెసోలో రేవు కట్ట సముద్రంలోకి ఆరు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఓడ నుంచి ఊళ్లోకి ఉచిత బస్సులున్నాయి, నడవక్కర్లేదు.

నాన్నకి ఊళ్లకంటే ఓడలో మనుషుల మీదే ధ్యాస. ఆయన అమలాపురం డిపోలో 31 ఏళ్లు ఆర్టీసీ డ్రైవరుగా చేశారు. సంక్రాంతి వస్తే హైదరాబాద్ స్పెషల్ బస్సులు. ఊరంతా భోగి మంటల దగ్గరుంటే ఆయన విజయవాడ దాటి ఎక్కడో స్టీరింగ్ పట్టుకుని ఉండేవారు. అమ్మ అరిసెలు డబ్బాలో దాచి ఉంచేది. మా గది శుభ్రం చేసే ఇండోనేషియా అమ్మాయితో ఆయన వచ్చీరాని ఇంగ్లిష్‌లో రోజూ మాట్లాడేవారు. ఏడు నెలల కాంట్రాక్టట, అప్పటికి ఐదో నెల. వారాంతపు సెలవు లేదు. నాలుగేళ్ల కొడుకు వాళ్ల అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. ఓడల్లో పనిచేసేవాళ్లకి రోజుకి కనీసం 10 గంటలు విశ్రాంతి ఇవ్వాలని 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉంది. అంటే ఒక రోజులో 14 గంటల దాకా పని చేయించుకోవచ్చన్నమాట.

క్రిస్మస్ రాత్రి వెయిటర్లందరూ ఎర్ర టోపీలు పెట్టుకుని బల్లల మధ్య పాటలు పాడారు. మా బాబు వాళ్లతో పాటు గెంతాడు. పాట అయిపోగానే మంగళూరు కుర్రాడు టోపీ సర్దుకుంటూ మా ప్లేట్లు తీశాడు. ఇంటికి ఫోన్ చేశావా అని అడిగాను. "షిఫ్ట్ అయ్యాక చేస్తా మేడమ్, మా అమ్మ మేలుకునే ఉంటుంది" అన్నాడు.

ఆ మర్నాడే ఆ మెసేజ్. మా ఆయన కూడా "400 మిగులుతాయి కదా" అన్నారు. నాన్న ఫోన్ తీసుకుని, మెసేజ్ తెలుగులో చదివించుకుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అల్లుడుగారూ, పండగ పూట డ్యూటీ చేసినవాడికి బత్తా డబ్బులు కోసినట్టు ఉంటుందండీ" అన్నారు. మా ఆయన కౌంటర్‌కి వెళ్లలేదు. బార్‌లో రాత్రికి 60 డాలర్లు ఖర్చుపెట్టిన కుటుంబాలు, గది ఊడ్చిన పిల్ల దగ్గర 16 డాలర్లు వెనక్కి తీసుకోవడం నాకు సిగ్గుగా అనిపించింది. గ్రూపులోనే ఆ మాట రాశాను. ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. మానేయనీ.

27 ఉదయం గాల్వెస్టన్ బయట పొగమంచు. రేవు మూసేశారు, ఓడ నాలుగు గంటలు ఆగిపోయింది. జనం కౌంటర్ దగ్గర అరుస్తున్నారు. అదే రోజు సాయంత్రానికి కొత్త ప్రయాణికులు ఎక్కాలి, అంతలోపు గదులన్నీ సిద్ధం కావాలి. మేం లేచేసరికే ఆ అమ్మాయి పక్క గదిలో దుప్పట్లు లాగుతోంది. నాన్న ఒక కవరులో 40 డాలర్లు పెట్టి, ఊరి నుంచి తెచ్చిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా సీలు విప్పకుండా ఆమె చేతికిచ్చారు. ఆమె అక్కడే తెరిచి, ఒకటి పట్టుకుని, కాగితం తీసేసి తినాలా అని అడిగింది. అమ్మ ఇంకోటి తీసి, కొరికి చూపించింది.