పీఎల్‌సీని లోకల్ నెట్‌వర్క్‌కు కలపడం: సీరియల్ గేట్‌వే, ఈథర్‌నెట్ పోర్టు, మధ్యలో రౌటర్ – ఏది మేలు?

యంత్రాన్ని నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటరైన పీఎల్‌సీలోని ఉత్పత్తి సంఖ్య, ఉష్ణోగ్రత, యంత్రం ఆగిన సమయం వంటి వివరాలను ఆఫీసు కంప్యూటర్‌లో చూడటానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. పీఎల్‌సీకి ఉన్న సీరియల్ పోర్టుకు గేట్‌వే, అంటే ఆ పోర్టు సందేశాలను నెట్‌వర్క్‌కు చేరవేసే పెట్టె, తగిలించవచ్చు. దాని ఈథర్‌నెట్ పోర్టు నుంచి ఆఫీసు స్విచ్‌కు నేరుగా కేబుల్ వేయవచ్చు. లేదా ఆ కేబుల్‌కు మధ్యలో ఒక పారిశ్రామిక రౌటర్‌ను పెట్టవచ్చు. చాలామంది వేగాన్ని బట్టి వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటారు. ఆఫీసు వైపు జరిగే పొరపాటు యంత్రం దాకా పాకుతుందా, పాకదా అన్నదే ముందుగా చూడవలసిన విషయమని నా అభిప్రాయం.

సీరియల్ మార్గం నెమ్మదిగా ఉంటుందన్న మాట నిజమే, కానీ ఎంత నెమ్మది అన్నది లెక్కవేసి చూడాలి. పారిశ్రామిక పరికరాలు మాట్లాడుకునే మోడ్‌బస్ భాషకు సీరియల్ రూపమైన మోడ్‌బస్ ఆర్‌టీయూలో పది రిజిస్టర్లు (విలువలు దాచే గదులు) చదవడానికి ప్రశ్నకు 8 బైట్లు, జవాబుకు 25 బైట్లు అవసరం. బైటుకు 11 బిట్ల చొప్పున 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల) వేగంతో ఇవి వెళ్లడానికి దాదాపు 38 మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యలో ఉండే విరామాలను కలుపుకొన్నా, సెకనుకొకసారి ఉత్పత్తి సంఖ్య చూసేవారికి ఈ వేగం ధారాళంగా సరిపోతుంది. ఒకే లైనుపై ఇరవై డ్రైవ్‌లు (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరాలు) వరుసగా ఉన్నప్పుడే ఆలస్యం తెలుస్తుంది. ఈ సీరియల్ మార్గంలో వాడే ఆర్‌ఎస్-485 కేబుల్ తక్కువ వేగంలో 1200 మీటర్ల వరకు పనిచేస్తుంది. రాగి ఈథర్‌నెట్ కేబుల్‌కు 100 మీటర్లే హద్దు. పైగా నెట్‌వర్క్‌లో అనవసరపు రద్దీ ఎంత పెరిగినా అది గేట్‌వే దగ్గరే ఆగిపోతుంది, పీఎల్‌సీకి ప్రశ్నలు మాత్రమే చేరతాయి. అయితే గేట్‌వే కొనేటప్పుడు ఒక తేడా గమనించాలి. కొన్ని గేట్‌వేలు ఆర్‌టీయూ సందేశాన్ని ఉన్నదున్నట్టుగా నెట్‌వర్క్‌పైకి పంపుతాయి, కొన్ని దాన్ని మోడ్‌బస్‌కు ఈథర్‌నెట్ రూపమైన మోడ్‌బస్ టీసీపీగా మారుస్తాయి. కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని ఆశిస్తుంటే గేట్‌వే రెండోదాన్ని పంపినప్పుడు, అన్ని లైట్లూ వెలుగుతూనే ఉంటాయి, డేటా మాత్రం రాదు.

ఈథర్‌నెట్ పోర్టు నుంచి నేరుగా కలిపితే వేగానికి లోటుండదు, ప్రోగ్రామ్‌ను కూడా ఆ కేబుల్ మీదుగానే మార్చుకోవచ్చు. ఈ సౌకర్యంలోనే ప్రమాదమూ ఉంది. సాధారణ మోడ్‌బస్ టీసీపీలో పాస్‌వర్డ్ అనేదే లేదు. మోడ్‌బస్ టీసీపీ వినే 502 పోర్టును (ఇది సాకెట్ కాదు, సాఫ్ట్‌వేర్ తలుపు నంబరు) చేరగలిగిన ఏ కంప్యూటరైనా విలువలను చదవగలిగినట్టే రాయనూగలదు. దురుద్దేశం ఎవరికీ లేకపోయినా కష్టాలు వస్తాయి. నేను పనిచేసిన ఒక చోట పీఎల్‌సీ, దాని టచ్ స్క్రీన్, ఆఫీసు కంప్యూటర్లు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండేవి. ఒక ఉదయం స్క్రీన్ మీద అంకెలు మాయమయ్యాయి. కేబుల్ మార్చాం, స్విచ్ మార్చాం, ఫలితం లేదు. చివరికి పీఎల్‌సీ కేబుల్‌ను పూర్తిగా ఊడదీసి దాని ఐపీ అడ్రస్‌కు పింగ్ చేస్తే (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం పంపితే), జవాబు వస్తూనే ఉంది. ముందురోజు ఆఫీసులో పెట్టిన కొత్త ప్రింటర్‌కు అదే అడ్రస్ ఇచ్చారు. పీఎల్‌సీలో ప్రోగ్రామ్ నడుస్తూనే ఉన్నా, ఆపరేటర్ చేతిలో స్క్రీన్ లేకపోవడం వల్ల సగం షిఫ్టు యంత్రాన్ని ఆపవలసి వచ్చింది.

రౌటర్‌ను మధ్యలో పెట్టివుంటే ఆ ప్రింటర్ వల్ల స్క్రీన్‌కు ఏమీ అయ్యేది కాదు, ఎందుకంటే పీఎల్‌సీ, టచ్ స్క్రీన్ రెండూ లోపలి వైపు తమ సొంత నెట్‌వర్క్‌లో ఉండేవి. దీనివల్ల ఇంకో మేలూ ఉంది. ఒకే తయారీదారు పంపిన నాలుగు యంత్రాలకు లోపల ఒకే ఐపీ అడ్రస్ ఉండటం మామూలే. ఆ ప్రోగ్రామ్‌లను కదిలించకుండా, యంత్రానికొక రౌటర్ పెట్టి, నాట్ (అడ్రస్‌లను మార్చి చూపే రౌటర్ సదుపాయం) ద్వారా బయటికి నాలుగు వేర్వేరు అడ్రస్‌లు చూపించవచ్చు. రౌటర్‌లోని ఫైర్‌వాల్ (రాకపోకలను వడపోసే భాగం) మోడ్‌బస్‌ను అర్థం చేసుకోగలిగినదైతే, చదివే 3, 4 ఫంక్షన్ కోడ్‌లను అనుమతించి, రాసే 5, 6, 15, 16 కోడ్‌లను అడ్డుకోవచ్చు. ఖర్చు, అమరిక పని రెండూ పెరుగుతాయి. సెట్టింగుల ప్రతిని భద్రపరచకపోతే రౌటర్ పాడైన రోజు అంతా మొదటి నుంచి చేసుకోవాలి.

అందువల్ల ఈథర్‌నెట్ పోర్టున్న యంత్రానికి నేను రౌటర్ మార్గాన్నే ఎంచుకుంటాను. ఆఫీసు స్విచ్‌కు నేరుగా కలపడాన్ని పరీక్ష కోసమైనా ఒప్పుకోను, ఎందుకంటే పరీక్షకని వేసిన కేబుల్‌ను తర్వాత ఎవరూ తీయరు. ఏళ్లుగా సజావుగా నడుస్తున్న పాత పీఎల్‌సీకి సీరియల్ పోర్టు మాత్రమే ఉంటే, ఈథర్‌నెట్ మాడ్యూల్ కోసం దాని ప్రోగ్రామ్‌ను కదిలించడం కంటే గేట్‌వేయే మేలు. కాకపోతే గేట్‌వేకూ 502 పోర్టు తెరిచే ఉంటుంది కనుక, దాని కేబుల్‌ను కూడా రౌటర్ లోపలి వైపుకే తగిలించాలి.