ఆర్‌సింక్: అసలు పని రెండోసారి నుంచి

ఆర్‌సింక్ అంటే ఒక చోటి ఫైళ్లను ఇంకో చోటికి కాపీ చేసి, తర్వాతి నుంచి మారినవే పంపే కమాండ్. దీన్ని మొదటిసారి నడిపి చూసినవాళ్లు చాలామంది పెదవి విరుస్తారు. మామూలు కాపీ కమాండ్ చేసే పనే కదా, దీనికింత పేరెందుకు అంటారు. ఖాళీ డిస్క్‌లోకి మొదటిసారి అంతా ఎక్కించేటప్పుడు నిజంగానే దీనివల్ల కలిసొచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. మర్నాడు అదే కమాండ్‌ని మళ్లీ కొడితే తెలుస్తుంది సంగతి.

రాజమండ్రిలో పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో మాది. కెమెరా కార్డుల్లోని ఫైళ్లన్నీ డెబియన్ (ఒక రకం లినక్స్) వేసిన ఒక పాత మెషీన్‌లోకి దిగుతాయి. అక్కడి నుంచి రోజూ రాత్రి బయటి హార్డ్ డిస్క్‌కి ఒక కాపీ, హైదరాబాద్‌లో మా తమ్ముడింట్లో ఉన్న మెషీన్‌కి ఇంకో కాపీ వెళ్తాయి. ఏళ్ల తరబడి ఈ రెండు పనులూ ఆర్‌సింక్‌వే. మాఘమాసంలో ముహూర్తాలు వరసగా పడినప్పుడు కూడా దీన్ని మార్చాలన్న ఆలోచన రాలేదు.

దీని గురించి రాసేవాళ్లు ముందుగా ఎత్తుకునేది అల్గారిథమ్‌నే. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ దీన్ని విడుదల చేశారు. ఫైలు రెండు చోట్లా ఉండి కొంచెం తేడాగా ఉంటే, అందుకునే మెషీన్ తన దగ్గరున్న ఫైలును ముక్కలుగా చేసి ఒక్కో ముక్కకీ చెక్‌సమ్ (ఆ ముక్కని గుర్తుపట్టే చిన్న సంఖ్య) పంపుతుంది. పంపే మెషీన్ తన ఫైలు మీద బైటు బైటుగా జరుగుతూ ఆ ముక్కల్ని వెతికి, దొరకని భాగాన్నే పంపుతుంది. తెలివైన ఏర్పాటే. కానీ మా స్టూడియోలో దానికి పని తక్కువ, ఎందుకంటే ఒకసారి తీసిన పెళ్లి వీడియో మళ్లీ మారదు. పైగా ఒకే మెషీన్‌లో ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కి పంపేటప్పుడు ఆర్‌సింక్ ఈ పద్ధతిని తనంతట తానే పక్కనపెట్టి ఫైలు మొత్తం కాపీ చేసేస్తుంది. మాకు రోజూ టైమ్ మిగిల్చేది ఇంకా సాదా లెక్క: సైజు, చివరిసారి మార్చిన టైమ్ రెండూ కలిస్తే ఫైలు తెరవకుండానే ముందుకెళ్లిపోతుంది.

అల్గారిథమ్ నిజంగా అక్కరకొచ్చింది ఒక్కచోటే. మా అకౌంట్స్ నడిచే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) డిస్క్ ఇమేజ్ పదుల జీబీల ఒకే ఒక్క ఫైలు. రోజూ అందులో మారేది కాస్తే, హైదరాబాద్‌కి వెళ్లేదీ దాదాపు ఆ కాస్తే. అయితే అవతల పాత ఫైలు పక్కనే కొత్తది పూర్తిగా తయారుచేసి, అప్పుడు పేరు మారుస్తుంది. కాబట్టి అంత ఖాళీ అక్కడ ఉండాలి.

ఇక భయపడాల్సిన సంగతి. డిలీట్ ఆప్షన్ ఇస్తే, మూలంలో లేని ఫైళ్లను అవతల కూడా తీసేస్తుంది. రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండాలంటే ఇది కావాలి. చదవడంలో డిస్క్ లోపం ఎదురైతే తీసివేతలు తనే ఆపేస్తుంది, అది మంచి అలవాటు. కానీ డిస్క్ మౌంటే కాలేదనుకోండి, అంటే సిస్టమ్‌కి తగులుకోలేదనుకోండి, అప్పుడు ఆర్‌సింక్‌కి కనబడేది లోపం కాదు, నిక్షేపంలాంటి ఖాళీ ఫోల్డర్. మూలం ఖాళీగా ఉంది కాబట్టి అవతల కూడా ఖాళీ చేస్తుంది. అది చెప్పినపనే చేసింది, తిట్టడానికి లేదు. అందుకే మా స్క్రిప్ట్ మొదటి వరసలోనే రెండు డిస్కులూ మౌంట్ అయ్యాయా అని చూసి, కాకపోతే అక్కడే ఆగిపోతుంది. ఒక్క రాత్రిలో ఇన్ని ఫైళ్లకు మించి తీసేయకు అని మ్యాక్స్ డిలీట్ కూడా పెట్టాను.

దీనికి తోడు ఆ చివరి స్లాష్. పెళ్లిళ్లు అనే ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉంటే లోపలున్నవి మాత్రమే వెళ్తాయి, లేకపోతే అవతల పెళ్లిళ్లు అనే ఫోల్డరే తయారవుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త కమాండ్ రాసినప్పుడల్లా మైనస్ ఎన్ (నిజంగా ఏమీ చేయకుండా చూపించే ఆప్షన్) వేసి, ఏం చేయబోతోందో చదివాకే నడుపుతాను. డిలీటింగ్ అన్న వరసలు అనుకున్నదానికంటే ఎక్కువ కనబడితే స్లాష్ దగ్గరే తేడా ఉంటుంది.

నాకు బాగా చిరాకు తెప్పించేది మాత్రం పేరు మార్పు. షూటింగ్ రోజు ఫోల్డర్‌కి తేదీ పెడతాం. ఆల్బమ్ పని మొదలయ్యాక పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు పెడతాం. ఆర్‌సింక్ దృష్టిలో పాత ఫోల్డర్ పోయింది, కొత్తది వచ్చింది, అంతే. వందల జీబీలు మళ్లీ మొదటి నుంచి బ్రాడ్‌బ్యాండ్ మీద ఎక్కుతాయి. దగ్గరి పేర్లు వెతికే ఫజీ ఆప్షన్ ఉందిగానీ, అది మామూలుగా వెతికేది అవతల అదే ఫోల్డర్‌లో, కాబట్టి ఇక్కడ ఉపయోగం లేదు. చివరికి ఆఫీసులో ఒక రూలు పెట్టుకున్నాం: పేరు మారిస్తే ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరపు మెషీన్‌లోకి భద్రంగా వెళ్లే దారి) హైదరాబాద్ మెషీన్‌లోకి వెళ్లి అక్కడా మార్చాకే ఇంటికెళ్లాలి. ఈ ఒక్క విషయంలో బోర్గ్, రెస్టిక్ లాంటి బ్యాకప్ ప్రోగ్రాములు మేలు. అవి డేటా ముక్కల్ని గుర్తుపడతాయి కాబట్టి పేరు మారినా మళ్లీ పంపవు. ఎన్‌క్రిప్షన్ కూడా వాటిలో ఉంది. అయినా నేను ఆర్‌సింక్‌తోనే ఉన్నాను. అవతల మామూలు ఫోల్డర్లు, మామూలు ఫైళ్లే ఉంటాయి కాబట్టి, కస్టమర్ ఫోన్ చేసి ఒక ఫొటో అడిగితే మా తమ్ముడు ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా తీసి పంపేస్తాడు.

రోజుకో కాపీ కావాలనుకునేవాళ్లకి లింక్ డెస్ట్ అనే ఆప్షన్ ఉంది. మారని ఫైళ్లకు నిన్నటి ఫోల్డర్‌తో హార్డ్ లింక్ (అదే ఫైలుకి ఇంకో పేరు) వేస్తుంది, మారినవే కొత్తగా చోటు తింటాయి. ఏ రోజు ఫోల్డర్ తెరిచినా మొత్తం బ్యాకప్‌లాగే కనబడుతుంది. డిస్క్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4 లాంటిదై ఉండాలి, ఎక్స్‌ఫ్యాట్‌లో హార్డ్ లింకులు ఉండవు.

కరెంటు పోయినప్పుడు హైదరాబాద్‌కి వెళ్తూ సగంలో ఆగిన పెద్ద ఫైళ్ల కోసం మైనస్ క్యాపిటల్ పీ వాడతాను, మిగతాది అక్కడి నుంచి అందుకుంటుంది. అందుకునే మెషీనే ఠపీమని ఆగిపోతే మాత్రం చుక్కతో మొదలయ్యే దాగిన తాత్కాలిక ఫైళ్లు మిగిలిపోతాయి. డిస్క్ ఎందుకు నిండిందో అంతుపట్టకపోతే ముందు వాటిని వెతకండి.

2025 జనవరిలో వచ్చిన 3.4.0 వెర్షన్‌లో ఆరు భద్రతా లోపాలు సరిచేశారు. అందులో ఒకటి, ఆర్‌సింక్ డీమన్‌ని (వెనక ఎప్పుడూ నడిచే సర్వర్ రూపం) బయటికి తెరిచి ఉంచినవాళ్ల సర్వర్‌లో బయటివాళ్లు తమ కోడ్ నడపగలిగేంత తీవ్రమైనది. ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా వాడుకునేవాళ్లకి అంత టెన్షన్ లేదుగానీ, అప్‌డేట్ మాత్రం చేసుకోవాలి. డెబియన్ లాంటివి పాత నంబర్‌కే మరమ్మతు కలుపుతాయి కాబట్టి నంబర్ చూసి కంగారు పడనక్కర్లేదు.

ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకి రెండు ముక్కలు. క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి కమాండ్లు నడిపే ఏర్పాటు) నడిపితే లాగ్‌లో తణుకు అనే పేరు మొదటి అక్షరమే \#340\#260\#244 అని పడుతుంది. ఫైలుకి ఏమీ కాలేదు, క్రాన్‌కి లొకేల్ (ఏ భాష, ఏ అక్షరాలు అన్న సెట్టింగ్) తెలియదు, అంతే. మైనస్ 8 ఇస్తే తెలుగులోనే వస్తుంది. రెండోది మ్యాక్ గొడవ. మా ఎడిటర్ దగ్గరున్న పాత ఐమ్యాక్ డిస్క్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్. ఆ ఫైల్ సిస్టమ్ ఐత్వాన్ని ఎత్వంగా, కింది గుర్తుగా విడదీసి దాచుకుంటుంది. దాంతో మ్యాక్ నుంచి వెనక్కి తెచ్చినప్పుడు డెబియన్‌లో వైజాగ్ ఫోల్డర్లు రెండు తయారయ్యాయి, చూడ్డానికి ఒక్క గీత తేడా లేదు. రాజోలు, తణుకు, అమలాపురం మాత్రం ఒక్కొక్కటే ఉన్నాయి. డిలీట్ కూడా ఇచ్చి ఉంటే అసలు ఫోల్డర్ పోయి మ్యాక్ పేరున్నదే మిగిలేది. దీనికి మందు, పేర్లలోని అక్షరాల రూపం మార్చే ఐకాన్వ్ ఆప్షన్: మ్యాక్‌లో నడిపేటప్పుడు ముందు యూటీఎఫ్-8-మ్యాక్, కామా పెట్టి యూటీఎఫ్-8 ఇవ్వాలి. ఆ మ్యాక్‌తో వచ్చే ఆర్‌సింక్ 2.6.9లో ఈ ఆప్షన్ లేదు, హోమ్‌బ్రూ (మ్యాక్‌లో ప్రోగ్రాములు వేసే టూల్) నుంచి కొత్తది వేసుకోవాల్సిందే.