జీడీఎల్ 90: చిన్న విమానంలో ఏళ్ల తరబడి వాడాక

చిన్న విమానాలు నడిపేవాళ్లలో చాలామందికి జీడీఎల్ 90 అనే పేరు యాప్ సెట్టింగ్స్‌లో ఓ మూల కనిపించే ఉంటుంది. దాని జోలికి వెళ్లాల్సిన పని పడలేదంటే అది బాగా పనిచేస్తోందనే అర్థం. విమానాలు తమ స్థానాన్ని రేడియోలో చెప్పుకునే వ్యవస్థ ఏడీఎస్-బి. దాని రిసీవర్ పట్టుకున్న ట్రాఫిక్ (చుట్టుపక్కల విమానాలు), వాతావరణం, మన స్థానం టాబ్లెట్‌లోని యాప్‌కి చేరే పద్ధతి జీడీఎల్ 90. నాలుగు సీట్ల సింగిల్ ఇంజన్ విమానంలో ఏళ్లుగా దీని మీదే ఆధారపడుతున్నాను. ఈలోగా రిసీవర్లు, టాబ్లెట్లు, యాప్‌లు అన్నీ మారాయి. ఇదొక్కటే మారలేదు.

నిజానికి దీన్ని అందరి కోసం తయారు చేయలేదు. జీడీఎల్ 90 అన్నది ఒక రేడియో పెట్టె మోడల్ పేరు. అలాస్కాలో విమాన భద్రత కోసం నడిచిన క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు విమానాల్లో దాన్ని వాడారు. ఆ పెట్టె నుంచి డిస్‌ప్లేకి సీరియల్ వైరు మీద డేటా ఎలా వెళ్లాలో చెప్పే గార్మిన్ కంపెనీ పత్రం, 2007 నాటిది, ఎవరైనా చదువుకునేలా బయట దొరికింది. తర్వాత వైఫై రిసీవర్లు తయారుచేసినవాళ్లు అవే మెసేజ్‌లను యూడీపీ (బదులు కోసం ఆగకుండా నెట్‌వర్క్ మీద డేటా పంపే పద్ధతి) ప్యాకెట్లలో పెట్టి పోర్టు 4000కి పంపడం మొదలుపెట్టారు. పత్రం చేతిలో ఉంది, చదివితే అర్థమవుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. ప్రమాణం కావడానికి ఆ మాత్రం చాలింది.

పత్రం ఎంత సింపులో లోపలికి తొంగిచూస్తే తెలుస్తుంది. ప్రతి మెసేజ్ హెక్స్‌లో 7ఈ అనే బైట్‌తో మొదలై అదే బైట్‌తో ముగుస్తుంది. చివర్లో రెండు బైట్ల సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో సరిచూసే సంఖ్య) ఉంటుంది కాబట్టి చెడిపోయిన మెసేజ్‌ని యాప్ పక్కన పడేస్తుంది. సెకనుకోసారి 'బతికే ఉన్నాను' అని చెప్పే హార్ట్‌బీట్ మెసేజ్ వస్తుంది. అది ఆగిందంటే రిసీవర్ పోయినట్టే. 2015లో మొదలైన స్ట్రాటక్స్ లాంటి ఓపెన్ సోర్స్ రిసీవర్, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద టీవీ డాంగుల్‌తో నడుస్తూ కూడా ఖరీదైన యాప్‌లతో మాట్లాడగలిగిందంటే ఈ పత్రం చలవే.

ఇక తలనొప్పుల సంగతి. ఎత్తు 25 అడుగుల మెట్లలో వస్తుంది, అదీ ప్రెషర్ ఆల్టిట్యూడ్, అంటే ప్రామాణిక గాలి పీడనాన్ని బట్టి లెక్కగట్టిన ఎత్తు. దీంతో నాకు పెద్దగా ఇబ్బంది లేదు. విమానం ఎటు ఒరిగిందో చెప్పే మెసేజ్ అసలు పత్రంలో లేదు. ఫోర్‌ఫ్లైట్ యాప్ వాళ్లు తమ పొడిగింపు రాసి బయటపెట్టారు, కొందరు తయారీదారులు సొంత పద్ధతి పెట్టుకున్నారు. కొన్ని రిసీవర్లు ఎందుకైనా మంచిదని రెండు రకాలుగానూ పంపుతాయి. నేను వాడిన ఒక రిసీవర్ అప్‌డేట్ తర్వాత హోరిజన్ (విమానం ఒరిగిన తీరు చూపే గీత) చూపడం మానేసింది. ట్రాఫిక్ మాత్రం ఎప్పటిలా వస్తూనే ఉంది. ఏ యాప్‌లో చూసినా అదే తీరు.

అసలు లోటు వేరే ఉంది: సమాచారం ఎంత పాతదో ఇది చెప్పదు. ట్రాఫిక్ రిపోర్టులో ఆ స్థానం ఏ క్షణానిదో రాసే చోటే లేదు. ఇప్పుడే విన్నదా, లెక్కగట్టినదా అని ఒక్క బిట్ ఉంటుంది, అంతే. రేడియోలో నేరుగా విన్నప్పుడు అది చాలు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ట్రాఫిక్‌ని దీనిలో కలిపితేనే టెన్షన్. 120 నాట్ల వేగంతో పోయే విమానం అర నిమిషంలో ఒక నాటికల్ మైలు దాటేస్తుంది. తెర మీద ఆలస్యంగా వచ్చిన విమానపు చుక్క, రేడియోలో విన్న చుక్క పక్కపక్కనే కనబడితే కళ్లు బయట వెతకాల్సింది పోయి తెర మీదే ఇరుక్కుంటాయి. వాతావరణంలో ఈ ప్రమాదం పాతదే. అమెరికాలో కాక్‌పిట్‌కి వచ్చే రాడార్ చిత్రం మీద కనిపించే వయసు చిత్రం తయారైనప్పటి నుంచి లెక్క, రాడార్ వానను చూసినప్పటి నుంచి కాదు. ఆ వాన తెర చెప్పేదానికంటే 15 నుంచి 20 నిమిషాలు పాతది కావచ్చని అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది.

కాక్‌పిట్‌లోకి శాటిలైట్ ఇంటర్నెట్ వచ్చాక ఇంకో గొడవ మొదలైంది. టాబ్లెట్ ఒకసారికి ఒక్క వైఫైకే కలుస్తుంది. రిసీవర్‌ది ఒక వైఫై, శాటిలైట్ టెర్మినల్‌ది ఇంకోటి. ట్రాఫిక్ కావాలా, ఇంటర్నెట్ కావాలా తేల్చుకోవాలి. రిసీవర్ వైఫైలో ఉంటే ఫోను "ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు" అని సణుగుతుంది, ఒక్కోసారి చెప్పకుండానే బయటికి దూకేస్తుంది. ఇప్పుడు నేను రిసీవర్‌నే టెర్మినల్ వైఫైకి క్లయింట్‌గా, అంటే టాబ్లెట్‌లాగే అందులో చేరే పరికరంగా, కలిపి నడుపుతున్నాను. ఈ మోడ్ అన్ని రిసీవర్లలో ఉండదు. ఉన్నా, కొన్ని రౌటర్లు ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డుకుంటాయి. ఫోర్‌ఫ్లైట్ ఐదు సెకన్లకోసారి "నేనిక్కడున్నా, ఫలానా పోర్టుకి పంపు" అని నెట్‌వర్క్ మీద చిన్న కేక వేస్తుంది. అది విని రిసీవర్ నేరుగా ఆ టాబ్లెట్‌కే పంపితే పని సాఫీగా సాగుతుంది. అందరికీ కలిపి బ్రాడ్‌కాస్ట్ చేస్తే చుక్కలు ఆగి ఆగి కదులుతాయి. ఈ కేక పద్ధతినే అన్ని యాప్‌లూ, అన్ని డబ్బాలూ ఒకేలా పాటిస్తే సగం గోల తగ్గుతుంది.

పెద్ద విమానాల విషయంలో ఇలాంటి ఒప్పందాల కోసం 2018లో ఎయిర్‌బస్, డెల్టా, ఎయిర్‌టెల్, స్ప్రింట్, వన్‌వెబ్ కలిసి సీమ్‌లెస్ ఎయిర్ అలయన్స్ పెట్టుకున్నాయి. వాళ్ల దృష్టి ప్రయాణికుడి ఫోను మీద. నాలుగు సీట్ల విమానంలో ప్రయాణికుడు వీడియో పెడితే పైలట్ వాతావరణం ఆగిపోతుంది, ఎందుకంటే దారి ఒక్కటే. ఏది ముందు వెళ్లాలో పరికరాలకు చెప్పే ఉమ్మడి పద్ధతి చిన్న విమానాల కోసం నేను వాడిన ఏ పెట్టెలోనూ కనిపించలేదు. నా మటుకు నేను రౌటర్‌లో ప్రయాణికుల వైఫైకి స్పీడు కోసేసి ఊరుకున్నాను.

జీడీఎల్ 90కి ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గిన ఒకటి ఆ టైమ్ లేని ట్రాఫిక్ రిపోర్టుకే. కొత్తగా కొనేవాళ్లు స్పీడు గురించి తర్వాత అడగండి. ముందు రెండు విషయాలు తేల్చుకోండి: రిసీవర్ ఇంకో వైఫైకి క్లయింట్‌గా కలుస్తుందా, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ట్రాఫిక్‌ని యాప్ వేరే గుర్తుతో చూపిస్తుందా. మొదటిదానికి జవాబు మాన్యువల్‌లో దొరుకుతుంది. రెండోదాన్ని కొనకముందే విమానం నేల మీద ఉండగా రేడియో రిసీవర్ ఆపేసి, తెర మీద ఏ చుక్కలు మిగిలాయో చూస్తే సరిపోతుంది.