న్యూ ఆల్ఫాబెట్, బిఫుర్, అవాంట్ గార్డ్: పోస్టరు శీర్షికకు ఏది మేలు?

పోస్టర్లు, పుస్తకాల అట్టలు చేసే మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: రేఖాగణిత రూపాలతో ప్రయోగాలు చేసిన ఇంగ్లిషు ఫాంట్లలో శీర్షికకు ఏది పెట్టుకోవాలి? ఈమధ్య ఒక చిత్రప్రదర్శన పోస్టరుకు నేను న్యూ ఆల్ఫాబెట్‌ను ఎంచుకున్నాను గనుక నా మొగ్గు ఎటో ముందే చెప్పడం న్యాయం.

దీన్ని 1967లో నెదర్లాండ్స్‌కు చెందిన విమ్ క్రోవెల్ గీశారు. ఆనాటి కేథోడ్ రే టైప్‌సెట్టింగ్ యంత్రాలలో (తెర మీద కాంతి చుక్కలతో అక్షరాలను కూర్చే యంత్రాలు) వంపులు, ఏటవాలు గీతలు మెట్లు మెట్లుగా విరిగిపోయేవి. యంత్రం బాగుపడేదాకా ఆగకుండా ఆయన అక్షరాన్నే యంత్రానికి తగినట్టు మార్చి, నిలువు, అడ్డగీతలతోనే నిర్మించి, మూలలను 45 డిగ్రీలలో కోశారు. అన్ని అక్షరాల వెడల్పూ ఒకటే కావాలి గనుక 'ఎన్' కింద ఒక గీత పెడితే అదే 'ఎమ్' అవుతుంది.

ఇంత వింత అక్షరాన్ని ఎవరు చదువుతారని అడుగుతారు. నా దృష్టిలో అన్నిటినీ తేల్చేది ఇదే: ఆ మాట చదువరికి ముందే ఎంత తెలుసు? 1988లో వెలువడిన, జాయ్ డివిజన్ అనే బ్రిటిష్ రాక్ సంగీత బృందం వారి 'సబ్‌స్టన్స్' ఆల్బం అట్ట మీద ఈ ఫాంటును వాడారు. క్రోవెల్ నియమం ప్రకారం చూస్తే అందులో 'ఎ' ఉండవలసిన చోట 1 అంకె, 'ఎన్' ఉండవలసిన చోట 'ఎమ్' ఉన్నాయి. అయినా కన్ను ఆ మాటను తడబడకుండా పోల్చుకుంటుంది. అందుకే తెలిసిన మాట ఒక్కటే, చాలా పెద్దదిగా ఉన్నప్పుడు దీనికి సాటి లేదు. రెండో వాక్యం చేర్చారా, చదువు అక్కడే ఆగిపోతుంది.

ఫ్రెంచ్ పోస్టరు చిత్రకారుడు కసాండ్ర 1929లో రూపొందించిన బిఫుర్‌లో ఉన్నవి పెద్ద అక్షరాలే. ఒక్కో అక్షరంలో కొంత భాగం నిండుగా, మిగతాది సన్నగీతల వరుసగా ఉంటుంది. చూడ చక్కనిదే, కానీ పరిమాణం తగ్గితే ఆ గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, పైగా 1930ల వాతావరణాన్ని వెంట తెస్తుంది. ఆ కాలపు ఛాయ కావలసిన చోటే వాడాలి.

పత్రిక శీర్షిక నుంచి పుట్టి 1970లో వెలువడిన అవాంట్ గార్డ్ సులభంగా చదవగలిగినది, సురక్షితమైనది. అంతకుమించి చెప్పడానికి నాకు లేదు.

తెలుగు అక్షరాలను కూడా క్రోవెల్ అచ్చులో పోయవచ్చా అని కొందరు అడిగారు. నేను వద్దంటాను. 'వు'లో కొమ్ము అక్షరం కిందినుంచి మొదలవుతుంది. అది కాస్త పైకి జరిగితే 'మ' అనిపిస్తుంది. ఇంత సన్నని తేడాలు నిలువు, అడ్డగీతల గళ్ళలో నిలవవు. అందుకే నా పోస్టరులో 'రేఖ' అని తెలుగులో మామూలుగా రాసి, దాని కింద అదే మాటను ఇంగ్లిషు అక్షరాలతో న్యూ ఆల్ఫాబెట్‌లో ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరిచాను. పైది చదివినవారికి కిందిది దానంతటదే తెలుస్తుంది. మొదట తేదీని కూడా అందులోనే పెట్టగా, ప్రూఫు చూసిన ఇద్దరు రెండు వేర్వేరు తేదీలు చదివారు. ఆ సాయంత్రమే దాన్ని మామూలు ఫాంటులోకి మార్చాను.